నెల దాటిన జ్వరం, నెగెటివ్ కళ్లె: ఒక మిలియరీ టీబీ కేసు, మందులకు అది లొంగిన తీరు

గుంటూరు చుట్టుపక్కల ఊళ్ల నుంచి నెల దాటిన జ్వరంతో వచ్చేవాళ్ల ఫైల్‌లో దాదాపు ఎప్పుడూ ఒక విడాల్ (టైఫాయిడ్ కోసం చేసే రక్త పరీక్ష) రిపోర్టు ఉంటుంది. చాలాసార్లు పాజిటివ్ అనే ఉంటుంది. టైఫాయిడ్ అని వారం ఇంజెక్షన్లు, తగ్గకపోతే "తిరగబెట్టింది" అని ఇంకో వారం, ఈలోపు మనిషి సగమైపోతాడు. వీళ్లలో కొందరికి ఉండేది మిలియరీ టీబీ, అంటే టీబీ క్రిములు రక్తంలో కలిసి ఊపిరితిత్తులు, కాలేయం, ఎముక మజ్జ, మెదడు పొరలు లాంటి చాలాచోట్లకి ఒకేసారి పాకే టీబీ. ఇక్కడ రాస్తున్న పేషెంట్‌లో ఈ జబ్బు లక్షణాలు దాదాపు అన్నీ కనిపించాయి, చికిత్స మధ్యలో వచ్చిన చిక్కులు కూడా ఎవరికైనా ఎదురయ్యేవే, అందుకే పూర్తిగా రాస్తున్నాను. ఆవిడ అనుమతి తీసుకున్నాను, గుర్తుపట్టే వివరాలు మార్చాను.

వయసు నలభై దాటిన మనిషి, మిర్చి కోల్డ్ స్టోరేజీలో తొడిమలు తీసే పని. సంక్రాంతి వెళ్లాక జ్వరం మొదలైంది. పగలంతా బాగానే ఉండి సాయంత్రం చలితో వచ్చేది, తెల్లవారుజామున చెమటలు పట్టి దిగేది. పొడి దగ్గు కొంచెం ఉంది, కానీ మిర్చి ఘాటులో పని చేసేవాళ్లందరికీ దగ్గు ఉంటుంది కాబట్టి ఆవిడ గానీ ఇంట్లోవాళ్లు గానీ దాన్ని లెక్కలోకి తీసుకోలేదు. మొదట ఊళ్లో టైఫాయిడ్ అన్నారు, సెఫ్‌ట్రయాక్సోన్ ఇంజెక్షన్లు చేశారు. తగ్గలేదు. తర్వాత లివోఫ్లాక్సాసిన్ మాత్రలు రాశారు, వాటితో వారం పాటు జ్వరం తగ్గినట్టే తగ్గి మళ్లీ పట్టుకుంది. ఆ తర్వాత ఇంకోచోట చూపిస్తే డస్ట్ అలర్జీ అని ప్రెడ్నిసోలోన్ అనే స్టెరాయిడ్ ఇచ్చారు. అది వేసుకున్నన్నాళ్లు జ్వరం లేదు, ఆకలి కూడా వేసింది, ఆపగానే అన్నీ రెట్టింపు అయ్యాయి. దీనంతటి మధ్యలో టైఫాయిడ్ పథ్యం అని ఇడ్లీ, బ్రెడ్డు తప్ప ఏమీ పెట్టలేదు. పదిహేను కిలోలు తగ్గితే అది పథ్యం వల్లే అనుకున్నారు.

"జొరం పోతంది, మళ్లీ వస్తంది సార్, అమ్మకి ఏం తినబుద్ధి కావట్లా" అన్నాడు కొడుకు. వచ్చిన రోజు బరువు 41 కిలోలు. ఉష్ణోగ్రత 102, బీపీ 94/60, నాడి 116, ఆక్సిజన్ 93. ఛాతీ మీద స్టెత్ పెడితే చెప్పుకోదగ్గ శబ్దాలేమీ లేవు. మిలియరీలో ఇది మామూలే, మనిషి చూస్తే అంత నీరసంగా ఉంటుంది, ఊపిరితిత్తులు వింటే నిశ్శబ్దంగా ఉంటాయి. కాలేయం రెండు వేళ్లు పెరిగింది, ప్లీహం అంచు చేతికి తగిలింది. మెడలో గడ్డలు లేవు.

జ్వరం మొదలైన మూడో వారంలో తీసిన ఎక్స్‌రే వాళ్ల దగ్గరే ఉంది, నార్మల్ అని రిపోర్టు. ఆ ఫిల్మ్ నేనూ చూశాను, అందులో నిజంగానే ఏమీ లేదు. మిలియరీ మచ్చలు ఎక్స్‌రేలో కనబడే సైజుకి రావడానికి వారాలు పడుతుంది. జ్వరం అలాగే ఉంటే ఎక్స్‌రే మళ్లీ తీయాలి, "మొన్ననే తీశాం కదా" అనే మాట దగ్గర ఆగిపోకూడదు. మేం తీసిన కొత్త ఎక్స్‌రేలో రెండు వైపులా, పైనుంచి కిందిదాకా, కొర్ర గింజలు చల్లినట్టు 1 నుంచి 3 మిల్లీమీటర్ల చుక్కలు. కింది భాగంలో పక్కటెముకల మధ్య ఖాళీల్లోకి దగ్గరగా చూస్తే స్పష్టంగా తెలుస్తాయి, దూరం నుంచి చూస్తే ఊపిరితిత్తి కాస్త మసకగా ఉన్నట్టు మాత్రమే అనిపిస్తుంది.

ఆవిడ చేసే పనిని బట్టి ఇక్కడ ఒక అనుమానం పెట్టుకోవాలి. మిరప దుమ్ము, దానికి పట్టే బూజు పీల్చేవాళ్లకు ఊపిరితిత్తుల్లో అలర్జీ రకం వాపు రావచ్చు, హైపర్‌సెన్సిటివిటీ న్యుమోనైటిస్ అంటాం. మిరప జాతి కాయలు కోసే పనివాళ్లలో ఈ జబ్బు వైద్య పుస్తకాల్లో నమోదై ఉంది కూడా. దానిలోనూ చిన్న చుక్కలే, జ్వరమే, దగ్గే. తేడా చెప్పేది హెచ్‌ఆర్‌సీటీ, అంటే ఊపిరితిత్తుల్ని సన్నని పొరలుగా చూపే సీటీ స్కాన్. అలర్జీ వాపులో చుక్కలు చిన్న గాలి గొట్టాల చుట్టూ ఉంటాయి, ప్లూరాని (ఊపిరితిత్తి పైపొర), ఫిషర్లని (ఊపిరితిత్తి భాగాల మధ్య గీతలు) వదిలేస్తాయి, అంచులు మసకగా ఉంటాయి. ఈవిడ సీటీలో చుక్కలు ఒక పద్ధతి లేకుండా అన్నిచోట్లా ఉన్నాయి, ఫిషర్ల మీద పూసలు గుచ్చినట్టు కూర్చున్నాయి, ప్లూరాని ఆనుకుని ఉన్నాయి. రక్తం ద్వారా వచ్చిన జబ్బు అనడానికి అది గట్టి గుర్తు. ఈ తేడా చూడకుండా స్టెరాయిడ్ ఒక్కటే ఇస్తే టీబీ ఇంకా విజృంభిస్తుంది. ముందు ఇచ్చిన స్టెరాయిడ్ కోర్సు కూడా జబ్బుని ఇంతదాకా తేవడంలో తన వంతు పని చేసిందనే నా అభిప్రాయం.

రక్త పరీక్షల్లో హిమోగ్లోబిన్ 8.6, తెల్లకణాలు 3,400, అందులో లింఫోసైట్లు 11 శాతం, ప్లేట్‌లెట్లు 1,20,000. ఈఎస్‌ఆర్ 88. ఆల్బుమిన్ 2.6. కాలేయ పరీక్షల్లో ఏఎల్‌టీ 62, ఏఎస్‌టీ 71, బిలిరుబిన్ నార్మల్, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ మాత్రం 412. సోడియం 124. షుగర్ ఉన్నట్టు అప్పటిదాకా ఎవరికీ తెలియదు, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగర్ సగటు) 9.8 వచ్చింది. హెచ్‌ఐవీ నెగెటివ్. టీబీ కోసం చర్మంలో సూది వేసి చూసే మాంటూ పరీక్షలో చేతి మీద ఏమీ పొంగలేదు. దాన్ని చూసి టీబీ లేదనుకోవడం పెద్ద పొరపాటు, మిలియరీలో రోగనిరోధక శక్తి అంత దెబ్బతిని ఉంటుంది కాబట్టి మాంటూ నెగెటివ్ రావడం చాలా మామూలు.

ఈ అంకెల్ని విడివిడిగా చూస్తే ఒక్కో స్పెషలిస్టు దగ్గరికి ఒక్కో కారణం మీద పంపొచ్చు. రక్తం తక్కువని ఒకచోటికి, లివర్ అని ఇంకోచోటికి, సోడియం అని మరోచోటికి. కలిపి చూడాలి. నెల దాటిన జ్వరం, బరువు తగ్గడం, రక్తకణాలు అన్నీ కొంచెం కొంచెం తక్కువ, ఏఎల్‌టీ పెద్దగా పెరగకుండా ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ ఒక్కటే బాగా పెరగడం, సోడియం పడిపోవడం, ఇవన్నీ ఒకే మనిషిలో కనిపిస్తే నా మనసు ముందు మిలియరీ వైపే వెళ్తుంది.

కళ్లె పరీక్ష దగ్గర ఆలస్యం జరిగేది ఎక్కువ. పొడి దగ్గుకి కళ్లె ఎక్కడి నుంచి వస్తుంది? ఉప్పునీటి ఆవిరి పట్టించి తీసినా స్మియర్ (మైక్రోస్కోపు కింద చూసే పరీక్ష) నెగెటివ్, సీబీనాట్ (క్రిముల జన్యువుల్ని పట్టే పరీక్ష) కూడా నెగెటివ్. మిలియరీలో క్రిములు ఊపిరితిత్తి కణజాలంలో ఉంటాయి, గాలి గొట్టాల్లోకి వచ్చేవి తక్కువ, అందుకే మూడింట రెండొంతుల మందిలో స్మియర్ నెగెటివే వస్తుంది. బ్రాంకోస్కోపీ చేసి, అంటే గాలి గొట్టాల్లోకి సన్నని కెమెరా గొట్టం పంపి, ఊపిరితిత్తి కడిగిన నీరు పరీక్షకి పంపాం. అందులో సీబీనాట్ పాజిటివ్, క్రిముల మోతాదు తక్కువ, టీబీకి ముఖ్యమైన మందు రిఫాంపిసిన్‌కి రెసిస్టెన్స్ (మందుకి లొంగకపోవడం) లేదు. క్రిముల్ని పెంచి చూసే కల్చర్‌కి కూడా పెట్టాం. ముందు లివోఫ్లాక్సాసిన్ వాడి ఉన్నారు కాబట్టి ఆ మందుకి రెసిస్టెన్స్ ఉందేమో కూడా చూడమని రాశాం. టీబీ మీద పనిచేసే మందుని టైఫాయిడ్ పేరుతో ఒంటరిగా ఇవ్వడం వల్ల నష్టం రెండు రకాలు, జ్వరం కొన్నాళ్లు అణిగి అసలు జబ్బు దాక్కుంటుంది, క్రిములకేమో ఆ మందు అలవాటయ్యే వీలు దొరుకుతుంది.

బ్రాంకోస్కోపీ రిపోర్టు రాకముందే మాకు సగం నమ్మకం కలిగించింది కళ్ల పరీక్ష. కంటిపాప పెద్దది చేసే చుక్కలు వేసి ఫండస్ (కంటి లోపలి వెనక గోడ) చూస్తే కుడి కంట్లో ఆప్టిక్ డిస్క్‌కి (కంటి నరం మొదలయ్యే చోటు) దగ్గరలోనే మూడు పసుప్పచ్చని చిన్న మచ్చలు, అంచులు అలికినట్టు, డిస్క్‌లో పావువంతు కూడా లేని సైజు. ఇవి కోరాయిడ్ ట్యుబర్కిల్స్, అంటే కంటి వెనక పొరలో టీబీ చేసిన చిన్న గడ్డలు. చూపు ఏమీ తగ్గలేదు, కాబట్టి ఆవిడ చెప్పే అవకాశమే లేదు, మనం వెతకాలి. ఖర్చు లేదు, సూది లేదు, కాసేపట్లో అయిపోతుంది. అర్థంకాని జ్వరం అని అడ్మిట్ చేసిన ప్రతి పేషెంట్‌కి సీటీ కంటే ముందు ఫండస్ చూడాలని నేను గట్టిగా నమ్ముతాను.

తలనొప్పి కొంచెం ఉందంది. మెడ బిగుసుకుపోలేదు, మాట తీరు సరిగానే ఉంది, అయినా వెన్నులో నీరు తీసి పరీక్ష చేయాలన్నాను. ఇంట్లోవాళ్లు భయపడ్డారు, వెన్నులో సూది వేస్తే నడుము పడిపోతుందని చుట్టాలెవరో చెప్పారట. పెద్దవాళ్లలో మిలియరీ వచ్చిన ప్రతి పదిమందిలో ఒకరి నుంచి ముగ్గురికి మెదడు పొరలకీ పాకుతుంది, అదుంటే స్టెరాయిడ్ కలపాలి, మందులు కనీసం ఏడాది వాడాలి, లేకపోతే చికిత్స వేరు, తెలుసుకోకుండా మొదలుపెడితే చీకట్లో నడిచినట్టే అని కూర్చోబెట్టి చెప్పాక ఒప్పుకున్నారు. నీరు నార్మల్. ఎంఆర్ఐ నార్మల్.

మందులు మొదలుపెట్టే ముందు ఇంకొక్క పరీక్ష, ఉదయం కార్టిసోల్, అంటే బీపీని నిలబెట్టే అడ్రినల్ గ్రంథుల హార్మోన్. బీపీ తక్కువ, సోడియం 124, పైగా ఈమధ్యే స్టెరాయిడ్ వాడి ఆపేసిన మనిషి. టీబీ అడ్రినల్ గ్రంథులనీ తినేస్తుంది, రిఫాంపిసిన్ ఏమో కాలేయంలో కార్టిసోల్‌ని తొందరగా కరిగించేస్తుంది, గ్రంథి బలహీనంగా ఉన్నవాళ్లకు రిఫాంపిసిన్ మొదలుపెట్టిన కొద్దిరోజుల్లోనే బీపీ పూర్తిగా పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. ఈవిడకి 17 వచ్చింది, సరిపోతుంది. కాబట్టి సోడియం తగ్గడానికి కారణం శరీరం నీళ్లు బయటికి వదలకుండా పట్టి ఉంచడమే అని తేల్చుకుని నీళ్లు తగ్గించి తాగమన్నాం.

బరువు 41 కాబట్టి ప్రభుత్వ కార్యక్రమం లెక్క ప్రకారం రోజూ మూడు ఎఫ్‌డీసీ (నాలుగు మందులు కలిపిన) మాత్రలు, అంటే ఐసోనియాజిడ్ 225, రిఫాంపిసిన్ 450, పైరజినమైడ్ 1200, ఇథాంబుటాల్ 825 మిల్లీగ్రాములు. పక్కన పైరిడాక్సిన్ అనే విటమిన్ బి6. టీబీ పేషెంట్ల ప్రభుత్వ పోర్టల్ నిక్షయ్‌లో నమోదు చేశాం, ప్రైవేటులో చూసినా అది తప్పనిసరి, మందులూ ఉచితంగానే వస్తాయి. షుగర్‌కి మాత్రలు కాకుండా ఇన్సులిన్ పెట్టాం, ఎందుకంటే రిఫాంపిసిన్ చాలా షుగర్ మాత్రల బలాన్ని తగ్గించేస్తుంది. మొదట్లో ఏఎల్‌టీ కొంచెం ఎక్కువ ఉందని మందులు ఆపాలా అని జూనియర్ డాక్టర్ అడిగింది. ఆ పెరుగుదల టీబీ కాలేయంలో కూర్చోవడం వల్ల వచ్చినది, దానికి మందు ఈ మాత్రలే. ఆపకూడదు, వారం వారం చూసుకోవాలి.

ఇక ఇక్కడి నుంచి ఓపిక పరీక్ష. మొదటి వారం అంతా జ్వరం అలాగే ఉంది. పది రోజులు దాటినా సాయంత్రం 101 వస్తోంది. "సార్, మందులు పని చేస్తన్నట్టా, చేయనట్టా?" అని కొడుకు రోజూ అడిగేవాడు, హైదరాబాద్ తీసుకెళ్తామని కూడా అన్నారు. వాళ్ల టెన్షన్‌లో తప్పు లేదు, టీబీ అంటే మందు వేయగానే తగ్గాలి అనుకుంటారు. మిలియరీలో క్రిములు ఒంటి నిండా ఉంటాయి, జ్వరం దిగడానికి రెండు వారాలు పట్టడం మామూలు, కొందరికి ఇంకా ఎక్కువ పడుతుంది. జ్వరం పూర్తిగా పోయిందా అని చూస్తే ఈ దశలో నిరాశే మిగులుతుంది. నేను చూసేవి వేరే. జ్వరం గరిష్ఠ స్థాయి కొంచెమైనా దిగుతోందా, నాడి వేగం తగ్గుతోందా, ఆక్సిజన్ నిలబడిందా, సోడియం పెరుగుతోందా, అన్నిటికంటే ముఖ్యంగా మనిషి అన్నం అడుగుతోందా. పన్నెండో రోజుకి సోడియం 131, ఆక్సిజన్ 96, పప్పన్నం నాలుగు ముద్దలు ఎక్కువ తిందని కొడుకే చెప్పాడు. థర్మామీటర్ కంటే ముందు కంచం చెప్పింది.

పందొమ్మిదో రోజున వాంతులు మొదలయ్యాయి. ఏఎల్‌టీ 236, ఏఎస్‌టీ 251, బిలిరుబిన్ 1.3. జబ్బు వల్లా, మందుల వల్లా అన్నది తేల్చడానికి ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ పనికొచ్చింది, అది 412 నుంచి 290కి దిగింది. అంటే కాలేయంలో టీబీ తగ్గుతోంది, ఏఎల్‌టీ పెరుగుతున్నది మాత్రల వల్ల. విచారిస్తే ఇంకో సంగతి బయటపడింది, జ్వరం తగ్గట్లేదని ఇంటి దగ్గర రోజుకి నాలుగైదు పారాసెటమాల్ 650 మాత్రలు వేస్తున్నారు, పోషణ లేని కాలేయానికి అది కూడా బరువే. లక్షణాలుండి ఏఎల్‌టీ నార్మల్‌కి మూడు రెట్లు దాటితే కాలేయాన్ని దెబ్బతీసే మూడు మందులూ ఆపాలి. ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్, పైరజినమైడ్ ఆపాం. కానీ మిలియరీలో మొత్తం ఆపేసి చూస్తూ కూర్చోలేం, అందుకని ఇథాంబుటాల్ కొనసాగిస్తూ లివోఫ్లాక్సాసిన్, అమికాసిన్ కలిపి నెట్టుకొచ్చాం. లివోఫ్లాక్సాసిన్‌కి రెసిస్టెన్స్ లేదని రిపోర్టు రావడం అప్పుడు పెద్ద ఊరట.

రెండు వారాల లోపే ఏఎల్‌టీ 70కి వచ్చింది. ముందు రిఫాంపిసిన్, వారం ఆగి పరీక్ష చేసి ఐసోనియాజిడ్. రెండూ పడ్డాయి. పైరజినమైడ్ మళ్లీ ఇవ్వలేదు. ఇంకోసారి కాలేయం దెబ్బతింటే తట్టుకునే స్థితిలో ఆవిడ లేదు, పైరజినమైడ్ లేకపోతే ఆరు నెలల కోర్సు తొమ్మిది నెలలు అవుతుంది, అంతే తేడా. మూడు నెలలు ఎక్కువ మాత్రలు మింగడం మంచిదే అని ఆవిడే అంది. ఇటువంటి నిర్ణయం పేషెంట్‌కి అర్థమయ్యేలా చెప్పి తీసుకుంటే మధ్యలో మానేయడం తగ్గుతుంది.

ఆ తర్వాత నెమ్మదిగా బాగుపడింది. ఐదో వారం చివరికి జ్వరం పూర్తిగా పోయింది. కల్చర్‌లో పెరిగిన క్రిములు ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్ రెండిటికీ లొంగేవే అని తేలింది. బరువు మొదటి నెలలో 40కి దిగి, రెండో నెలకి 44, ఐదో నెలకి 50. బరువు ఐదు కిలోలు దాటి పెరిగి, మాత్రల లెక్కలో పై బరువు గుంపులోకి వెళ్తే మాత్రల సంఖ్య కూడా మార్చాలి, ఈవిడకి మూడు నుంచి నాలుగుకి పెంచాం. ఇది చాలాచోట్ల మర్చిపోతారు, బాగుపడ్డ మనిషి పాత బరువు మోతాదే మింగుతూ ఉంటుంది. ఎక్స్‌రేలో చుక్కలు రెండో నెలకి సగమే తగ్గాయి, నాలుగో నెలకి దాదాపు లేవు. ఎక్స్‌రే ఎప్పుడూ మనిషి కంటే వెనకే నడుస్తుంది కాబట్టి రెండో నెల ఫిల్మ్ చూసి మందులు మార్చలేదు. కంట్లో మచ్చలు చదునై రంగు మారిన గుర్తులుగా మిగిలాయి. ఇథాంబుటాల్ చూపుని దెబ్బతీయగలదు కాబట్టి అది నడిచినన్నాళ్లూ ప్రతి నెలా ఎరుపు, పచ్చ రంగులు గుర్తుపడుతోందా అని చూశాం.

పక్కన పెట్టి పోల్చుకోవడానికి ఇంకో ఇద్దరి గురించి క్లుప్తంగా. విజయవాడలో హాస్టల్లో ఉండి చదువుకునే కుర్రాడు, జ్వరం, ప్లేట్‌లెట్లు తక్కువ, డెంగీ అనుకున్నారు. మూడో వారంలో మాట తడబడటం, పొద్దస్తమానం నిద్ర మొదలయ్యాక వచ్చాడు. ఎక్స్‌రేలో మిలియరీ, వెన్ను నీటిలో లింఫోసైట్లు ఎక్కువ, గ్లూకోజ్ తక్కువ. అంటే మెదడు పొరలకీ పాకింది, టీబీ మందులతో పాటు డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ పెట్టాం. తేరుకున్నాక, ఆరో వారంలో స్టెరాయిడ్ తగ్గిస్తుండగా ఫిట్స్ వచ్చాయి, ఎంఆర్ఐలో ముందు లేని ట్యుబర్క్యులోమాలు, అంటే మెదడులో టీబీ గడ్డలు. కొత్త గడ్డలు కనబడగానే మందులు ఫెయిలయ్యాయని అందరూ అనుకున్నారు. చచ్చిన క్రిముల మీద కోలుకుంటున్న రోగనిరోధక శక్తి తిరగబడటం వల్ల ఇలా జరుగుతుంది, పారడాక్సికల్ రియాక్షన్ అంటారు. అవే మందులు ఉంచి, మాత్రలు సరిగా వేస్తున్నాడా, రెసిస్టెన్స్ ఉందా అని నిర్ధారించుకుని, స్టెరాయిడ్ మోతాదు పెంచాం. ఏడాది కోర్సు పూర్తి చేశాడు.

రెండో ఆయన డెబ్బైకి దగ్గరపడ్డ రైతు, తెనాలి వైపు. దగ్గు లేదు, ఎక్స్‌రే మామూలుగానే ఉంది, మూడు రకాల రక్తకణాలూ తక్కువ. చాలా రోజులు రక్తం ఎక్కించడంతోనే గడిచిపోయింది. ఎముక మజ్జ పరీక్షలో గ్రాన్యులోమాలు (టీబీలో కనిపించే కణాల గుంపులు) కనబడేసరికి ఆయాసం ముదిరిపోయింది, మందులు మొదలుపెట్టిన కొద్దిరోజులకే ఏఆర్‌డీఎస్‌తో (ఊపిరితిత్తులు ఒక్కసారిగా విఫలమవడం) చనిపోయారు. మందులున్న ఈ కాలంలో కూడా పెద్దవాళ్లలో మిలియరీతో చనిపోయేవాళ్లు వందకి పాతిక నుంచి ముప్పై మంది దాకా ఉన్నారని ప్రచురితమైన అధ్యయనాలు చెబుతున్నాయి. ఆ చావుల్లో చాలావాటి వెనక ఆలస్యమే ఉంటుంది. పేషెంట్ పరిస్థితి చెడుతూ, ఆధారాలన్నీ ఇటే చూపిస్తుంటే, శాంపిళ్లు తీసి పంపేసి రిపోర్టు కోసం ఆగకుండా ఆ రోజే మందులు మొదలుపెట్టాలని నేననేది అందుకే.

మిర్చి పని చేసే ఆవిడ తొమ్మిది నెలలూ పూర్తి చేసింది. ఇప్పుడు 53 కిలోలు, హిమోగ్లోబిన్ 11.8, ఎక్స్‌రే శుభ్రంగా ఉంది, హెచ్‌బీఏ1సీ 7.1. టీబీ పేషెంట్లకి తిండి కోసం ఇచ్చే ప్రభుత్వ పథకం నిక్షయ్ పోషణ కింద నెలకి వెయ్యి రూపాయలు బ్యాంకులో పడ్డాయి, గుడ్లకీ పాలకీ వాడామని చెప్పారు. ఇంట్లో అందరికీ పరీక్షలు చేశాం, ఎవరికీ జబ్బు లేదు, నాలుగేళ్ల మనవడితో సహా అందరూ నివారణ మందులు పూర్తి చేశారు. రెండేళ్ల పాటు ఆరు నెలలకోసారి రమ్మన్నాం. కొత్త సీజన్‌కి మళ్లీ కోల్డ్ స్టోరేజీ పనికి వెళ్తానంది, ముక్కుకి గుడ్డ కాకుండా సరైన మాస్కు కట్టుకోమని, షుగర్ మాత్రం ఎట్టి పరిస్థితుల్లో వదలొద్దని, ఇకపై జ్వరం వారం దాటితే ఊళ్లో ఇంజెక్షన్ చేయించుకోకుండా ఈ ఫైల్ పట్టుకుని నేరుగా రమ్మని చెప్పి పంపాను.